కాదన్న మాటే తుదిమాట కాదు
(నిరుద్యోగ భత్యం - అప్పీలు మార్గాలు)

"అడగనిదే అమ్మయినా పెట్టదు" అన్నారు మన పెద్దలు. నిజమే గాని, అడిగిన తరువాత కూడా పెట్టకపోతే ఏం చేయాలన్నది ఆ సామెత చెప్పదు. ఆ సంగతికి ఇంకొక సామెత ఉన్నది: దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడని. ప్రభుత్వం ఒక చట్టం చేస్తుంది. ఒక పథకం ప్రకటిస్తుంది. అది పత్రికలలో పెద్ద అక్షరాలతో పడుతుంది. తీరా పని పోయిన మనిషి కాగితాలు చేతబట్టుకొని ఆఫీసులో నిలబడితే, "నీకు రాదు" అన్న ఒక్క ముక్కతో కథ ముగిసిపోతుంది. ఆ ముక్క అన్నది ఎవరు? ఏ కారణాన అన్నారు? వారిపైన చెప్పుకోవడానికి మరెవరైనా ఉన్నారా? పని పోయిన ఇంటికి ఈ మూడు ప్రశ్నలే ముఖ్యం.

మన సంఘ కుటుంబాలలో మిల్లులను, మగ్గాలను, కర్మాగారాలను నమ్ముకొని బ్రతుకుతున్నవారు కొల్లలు. తాతల నాడు షోలాపూరు, భివండీ, బొంబాయి మిల్లులకు తరలిపోయిన నేతపనివారు ఉన్నారు. బెంగళూరు, కోయంబత్తూరు కర్మాగారాలలో స్థిరపడినవారూ ఉన్నారు. 1982 జనవరి 18న మొదలైన బొంబాయి మిల్లుల సమ్మె తరువాత ఎన్ని ఇళ్లలో పొయ్యి చల్లబడినదో ఆ కాలపువారికి ఇంకా గుర్తే. యానాంలో 2012 జనవరిలో జరిగిన హింసాకాండ తరువాత పింగాణీ పలకల కర్మాగారం మూతపడి, ఒక్క ఊరిలోనే ఎంతోమంది వీధిన పడిన సంగతి మన పాఠకులెరుగుదురు. కాబట్టి నిరుద్యోగ భత్యం అన్న మాట మనకు దూరపు మాట కాదు. అది ఎలా పుట్టినది, కాదంటే ఎక్కడికి పోవాలి అన్న విషయాన్ని ఈ నెల కొంచెం వివరంగా చెప్పదలచినాము.

బ్రిటను నేర్పిన పాఠం

నిరుద్యోగికి బీమా సొమ్ము ఇవ్వడమన్న ఆలోచనను దేశవ్యాప్తంగా, నిర్బంధ పద్ధతిలో మొదట చట్టంగా చేసినది బ్రిటను. 1911లో లాయిడ్ జార్జి ఆర్థికమంత్రిగా ఉండగా వచ్చిన నేషనల్ ఇన్సూరెన్సు చట్టం రెండవ భాగం ఇందుకోసమే. అది అన్ని పనులకూ వర్తించలేదు. ఇళ్లు కట్టే పని, ఓడలు కట్టే పని, యంత్రాల తయారీ వంటి కొన్ని వృత్తులవారికే వర్తించినది. పని పోయినవారికి వారానికి ఏడు షిల్లింగులు, ఏడాదికి పదిహేను వారాలకు మించకుండా ఇచ్చేవారు.

ఇందులో సొమ్ముకంటె మనం గమనించవలసినది వేరొకటి ఉన్నది. చట్టం చేసినవారు "ఇన్సూరెన్సు ఆఫీసరు కాదంటే ఏమిటి గతి?" అని ఆనాడే ఆలోచించినారు. ఆఫీసరు నిర్ణయం నచ్చకపోతే రెఫరీల కోర్టు అనే చిన్న సభ ముందుకు పోవచ్చు. అందులో ముగ్గురుండేవారు: ఒక అధ్యక్షుడు, యజమానుల తరఫు మనిషి ఒకరు, కార్మికుల తరఫు మనిషి ఒకరు. ఆ పైన అంపైరు. అంపైరనగానే మన కుర్రవాళ్లకు క్రికెట్టు గుర్తుకు వస్తుంది గాని, ఈయన పని కూడా దానికి బొత్తిగా భిన్నమేమీ కాదు. అవుటో కాదో చెప్పడమే; కాకపోతే ఇక్కడ అవుటయ్యేది ఒక సంసారం.

1948 జూలై 5 నుండి అక్కడ కొత్త జాతీయ బీమా అమలులోకి వచ్చినప్పుడు పేర్లు మారి, స్థానిక ట్రిబ్యునళ్లు, వాటిపైన కమిషనరు వచ్చినారు. 2008 నవంబరులో మరల మారి, మొదటి అంచె ట్రిబ్యునలు, పై ట్రిబ్యునలు అనే రెండు మెట్లు ఏర్పడినవి. పేర్లెన్ని మారినా మూల సూత్రం మాత్రం మారలేదు. కాదన్నవాడే తీర్పరి కాకూడదు, వేరొక మనిషి వినాలి అన్నదే ఆ సూత్రం.

2013లో వచ్చిన మార్పు

అయితే 2013లో ఈ మెట్ల ముందు ఒక కొత్త గడప కట్టినారు. అంతకు పూర్వం భత్యం నిరాకరించబడినవాడు నేరుగా అప్పీలు చేసుకోగలిగేవాడు. ఆ ఏడు ఏప్రిల్ 8 నుండి కొన్ని కొత్త భత్యాలకు, అక్టోబరు 28 నుండి ఉద్యోగం వెదుక్కునేవారి భత్యంతో సహా తక్కినవాటికి పద్ధతి మార్చినారు. ముందు అదే శాఖను "మరొకసారి చూడండి" అని కోరుకోవాలి. దీనికి నిర్బంధ పునఃపరిశీలన అని పేరు. కోరుకోవడానికి గడువు ఒక నెల. శాఖవారు మరల చూసి జవాబు కాగితం ఇస్తేనే ట్రిబ్యునలుకు పోవడానికి వీలు. ఆ కాగితం తేదీ నుండి మరొక నెల గడువు. కార్మికుడికి గడువులున్నవి గాని, శాఖవారు ఎన్నాళ్లలోగా మరల చూడాలన్నదానికి మాత్రం చట్టంలో గడువు లేదు.

ఫలితం ఏమైనది? 2012-13లో అయిదు లక్షలు దాటిన సాంఘిక భద్రత అప్పీళ్లు 2014-15 నాటికి సుమారు లక్షా పన్నెండు వేలకు పడిపోయినవి. ప్రభుత్వంవారు దీనిని మంచిదన్నారు: పొరపాట్లు ఆఫీసులోనే దిద్దుకుంటే ట్రిబ్యునలు దాకా పోయే శ్రమ ఎందుకని. బీదల పక్షాన పనిచేసేవారు మరొక విధంగా చెప్పినారు. ఒకసారి కాదనిపించుకొని, రెండవసారీ కాదనిపించుకున్న మనిషి, మూడవ మెట్టు ఎక్కే ఓపిక లేక ఇంటికి పోతున్నాడని వారన్నారు. రెండు మాటలలోనూ కొంత నిజముండవచ్చు. గాని 2017లో సమాచార హక్కు క్రింద బయటపడిన ఒక సంగతి రెండవ మాటకు బలమిచ్చినది. పునఃపరిశీలనకు వచ్చినవాటిలో నూటికి ఎనభై మొదటి నిర్ణయాలను నిలబెట్టాలని ఆ శాఖ తనకు తాను ఒక లక్ష్యం పెట్టుకొని ఉన్నదట! మరల చూడకముందే ఎన్ని కాదనాలో లెక్క కట్టుకుంటే, మరల చూడడమెందుకు? విమర్శలు వచ్చిన తరువాత ఆ లక్ష్యాన్ని తీసివేసినారు.

న్యాయస్థానాలు కూడా ఊరుకోలేదు. గడువు దాటి పునఃపరిశీలన కోరినవారిని శాఖ వెనక్కు పంపితే వారికిక ట్రిబ్యునలు దారి మూసుకుపోయినట్లేనా అన్న ప్రశ్న పై ట్రిబ్యునలు ముందుకు వచ్చినది. మూసుకుపోదని, మొత్తం పదమూడు నెలల లోపల కోరినవారికి అప్పీలు హక్కు ఉంటుందని 2017లో తీర్పు వచ్చినది. 2020 జూలైలో అక్కడి హైకోర్టు మరొక అడుగు ముందుకు వేసినది. జబ్బు వల్ల పని చేయలేనివారి భత్యంలో, అప్పీలు నడుస్తున్నంత కాలం కొంత సొమ్ము ఇచ్చే ఏర్పాటు ఉన్నది; పునఃపరిశీలన నడుస్తున్నప్పుడు లేదు. అంటే ముందు గడప దగ్గర నిలబెట్టినంతకాలం ఆ మనిషి పస్తుండాలి. అటువంటివారిని ఆ గడప దగ్గర నిలబెట్టడం న్యాయస్థానానికి పోయే హక్కుకు అడ్డు తగలడమేనని, అది చెల్లదని తీర్పు చెప్పినారు.

దీనివల్ల మనం నేర్చుకోవలసినది ఒక్కటే. అప్పీలుకు హక్కు ఉన్నదా అని అడిగితే చాలదు. ఆ హక్కు దగ్గరకు పోయే దారిలో ఎన్ని గడపలున్నవి, అంతదాకా ఇంటిల్లిపాది ఏం తిని ఉండాలి అని కూడా అడగాలి.

ఇక మన దేశం సంగతి

మన దేశంలో ఎంప్లాయీస్ స్టేట్ ఇన్సూరెన్సు చట్టం, అనగా మనమందరం ఇ.ఎస్.ఐ. అని పిలుచుకునేది, 1948లో వచ్చినది. 1952 ఫిబ్రవరి 24న కాన్పూరులోను, ఢిల్లీలోను అమలు ప్రారంభమైనది. జబ్బుకు, కాన్పుకు, పనిలో తగిలిన దెబ్బకు, కార్మికుడు పోతే కుటుంబానికి అందులో ఏర్పాట్లున్నవి. గాని పని పోతే ఏమిటన్న దానికి యాభై ఏళ్లకు పైగా జవాబు లేదు.

2005 ఏప్రిల్ 1 నుండి రాజీవ్ గాంధీ శ్రామిక కల్యాణ యోజన వచ్చినది. కర్మాగారం మూతపడినా, పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం పని నుండి తగ్గించినా, పనితో సంబంధం లేని ప్రమాదంలో నూటికి నలభై పాళ్లకు తక్కువ కాని శాశ్వత వైకల్యం కలిగినా భత్యం ఇచ్చే పథకమిది. తరువాత 2018 జూలై 1 నుండి అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అనే రెండవ పథకం మొదలైనది. మొదట ఇది రెండేళ్లకు పరీక్షార్థం పెట్టినది; పిమ్మట పలుమార్లు పొడిగించినారు. పని పోయినవానికి తొంభై రోజులదాకా, జీవితంలో ఒక్కసారి, సగటు దినసరి ఆర్జనలో పావు వంతు ఇస్తామన్నారు.

2020 మార్చిలో దేశమంతటా తాళాలు పడినప్పుడు, పావు వంతుతో పని జరగదని కార్పొరేషనువారికే తోచినది. ఆ ఏడు ఆగస్టులో నాలుగు మార్పులు చేసినారు.

మొదటిది, పావు వంతును సగం చేసినారు. మార్చి 24 నుండి పని పోయినవారికి ఇది వర్తించినది. రెండవది, పని పోయిన తొంభై రోజులకు గాని అడగరాదన్న నియమాన్ని ముప్పై రోజులకు తగ్గించినారు. మూడవది, అర్హతను సడలించినారు. బీమా ఉన్న పనిలో రెండేళ్లు ఉండాలి. పని పోవడానికి ముందున్న చందా కాలంలో 78 రోజులకు తగ్గకుండా చందా పడి ఉండాలి; అంతకు ముందు మూడు చందా కాలాలలో ఏదో ఒకదానిలో 78 రోజులు పడి ఉంటే చాలు. పూర్వం నాలుగింటిలోనూ ఉండాలనేవారు. చందా కాలమనగా ఏప్రిల్ నుండి సెప్టెంబరు వరకు ఒకటి, అక్టోబరు నుండి మార్చి వరకు ఒకటి.

నాలుగవదే మా దృష్టిలో అన్నింటికంటె గొప్ప మార్పు. పూర్వం దరఖాస్తు పాత యజమాని ద్వారా పోవలసి ఉండేది. ఏ యజమాని పనినుండి తీసివేసినాడో ఆయన వద్దకే పోయి, "అయ్యా, మీరు నన్ను తీసివేసినారని వ్రాసి ఇవ్వండి" అని అడగడమన్నమాట. మూతబడిన మిల్లు గేటు ముందు ఎవరిని అడుగుతాడు? 2020 మార్పుతో కార్మికుడే నేరుగా ఇ.ఎస్.ఐ. శాఖా కార్యాలయానికి దరఖాస్తు చేసుకోగలిగినాడు. ఆ ఏడు నవంబరులో స్టాంపు కాగితం మీద అఫిడవిట్ కావాలన్న నియమం కూడా తొలగించినారు.

లెక్క ఎంతవుతుందో ఒక ఉదాహరణ చూద్దాము. నెలకు 18,000 రూపాయల జీతగాడున్నాడనుకోండి. నాలుగు చందా కాలాలలో, అనగా రెండేళ్లలో, ఆర్జించినది 4,32,000. దీనిని 730 రోజులతో భాగిస్తే రోజుకు సుమారు 592. అందులో సగం చొప్పున తొంభై రోజులకు రమారమి 26,600 రూపాయలు. పాత పావు వంతు ప్రకారం ఐతే 13,300. పిల్లల బడి జీతాలు, ఇంటి అద్దె కట్టుకొని మూడు నెలలు తలదాచుకోవడానికి ఈ తేడా చిన్నదేమీ కాదు.

ఈ సగం లెక్కను ఆ తరువాత విడతలు విడతలుగా పొడిగిస్తూ వచ్చినారు. 2024లో చేసిన పొడిగింపు 2026 జూన్ 30 దాకా. కాబట్టి దరఖాస్తు చేసేవారు తమకు పని పోయిన నాటికి ఏ విడత అమలులో ఉన్నదో ముందుగా శాఖా కార్యాలయంలో అడిగి తెలుసుకోవాలి.

ఎందుకు కాదంటారు?

స్వయంగా రాజీనామా చేసినవారికి, పదవీ విరమణ వయస్సు వచ్చినవారికి, దుష్ప్రవర్తన నేరం మీద తొలగించబడినవారికి, లాకవుటు కాలంలోను, చట్టవిరుద్ధమని ప్రకటించిన సమ్మెలోను ఉన్నవారికి ఈ భత్యం లేదు. ఇక్కడే చిక్కంతా ఉన్నది. గేటు మూసివేసినప్పుడు అది లాకవుటా, మూసివేతా? పేరు మారితే భత్యం మారుతుంది. సూపర్వైజరు పిలిచి, "ఈ కాగితం మీద సంతకం పెట్టు, నీ లెక్క తేల్చి పంపిస్తాము" అంటే, మనవాడు చదవకుండా సంతకం పెట్టి వస్తాడు. అది రాజీనామా పత్రం! యజమాని రికార్డులో "తనంత తానే వెళ్లినాడు" అని పడుతుంది. ఆ తరువాత శాఖా కార్యాలయం గుమాస్తాను తప్పు పట్టి ప్రయోజనమేమి? ఆయన ముందున్న కాగితం అదే కదా.

రెండవ చిక్కు చందా రోజులు. జీతంలో కోసుకున్న చందాను యజమాని కట్టకపోయినా, తక్కువ రోజులకు కట్టినా 78 రోజుల లెక్క తప్పిపోతుంది. మూడవది మనవారికి ప్రత్యేకమైనది: పేరు. మన ఇంటిపేరు ముందు వస్తుంది. మహారాష్ట్రలో ఇంటిపేరు చివర వ్రాసి నడుమ తండ్రి పేరు చేరుస్తారు. తమిళనాట ఇంటిపేరే లేకుండా తండ్రి పేరు మొదటి అక్షరం పెడతారు. బీమా కార్డులో ఒక తీరు, ఆధారులో ఒక తీరు, బ్యాంకు పుస్తకంలో మరొక తీరు ఉంటే, ముగ్గురు మనుషులున్నట్లు లెక్క! పని ఉన్నప్పుడే ఈ మూడింటినీ ఒక్క తీరుకు తెచ్చుకోవడం మంచిది.

కాదంటే ఎక్కడికి?

ఇక్కడ ఒక సూక్ష్మం గ్రహించాలి. 1948 చట్టంలో ప్రయోజనాలను లెక్కించిన 46వ సెక్షనులో నిరుద్యోగ భత్యం పేరు లేదు. అది చట్టం ఇచ్చిన ప్రయోజనం కాదు. కార్పొరేషను పెట్టిన పథకం. హక్కుకు గడువు తేదీ ఉండదు, పథకానికి ఉంటుంది. బ్రిటనులో 1911లోనే భత్యంతోపాటు అప్పీలును కూడా చట్టంలో వ్రాసినారు. మనవారు భత్యాన్ని పథకంగా ఇచ్చినారు. ఈ లోటు తీరాలని మేము గట్టిగా కోరుతున్నాము.

ఐనా దారి లేదని నిరాశపడనక్కరలేదు. తగాదా సాధారణంగా పథకం మీద కాదు. ఆ మనిషి బీమా ఉన్న ఉద్యోగి అవునా కాదా, జీతమెంత, చందా ఎంత పడినది అన్న వాటి మీద. ఇటువంటి వివాదాలు తేల్చడానికే 1948 చట్టం 74, 75 సెక్షనులలో ఎంప్లాయీస్ ఇన్సూరెన్సు కోర్టును ఏర్పాటు చేసినది. ఆ విషయాలలో మామూలు సివిలు కోర్టుకు అధికారం లేదు. కారణం పుట్టిన నాటి నుండి మూడేళ్ల లోపల దరఖాస్తు చేయాలని, ఆ కోర్టు తీర్పు మీద ముఖ్యమైన న్యాయ ప్రశ్న ఉంటే అరవై రోజులలో హైకోర్టుకు పోవచ్చునని ఆ చట్టం చెప్పినది. 79వ సెక్షనులో ఒక చక్కని సౌకర్యం కూడా ఉండేది. వకీలే రావాలన్న నిర్బంధం లేదు. రిజిస్టరయిన కార్మిక సంఘం ఉద్యోగి గాని, కోర్టు అనుమతితో కార్మికుడు వ్రాసి ఇచ్చిన మరెవరైనా గాని అతని తరఫున నిలబడవచ్చు.

2025 నవంబరు 21 నుండి 2020 నాటి సాంఘిక భద్రత స్మృతి అమలులోకి వచ్చి పాత చట్టం స్థానాన్ని తీసుకున్నది. కొత్త స్మృతిలోనూ ఎంప్లాయీస్ ఇన్సూరెన్సు కోర్టు, దానిపైన హైకోర్టు అప్పీలు నిలిచి ఉన్నవి. సెక్షనుల అంకెలు మారినవి కాబట్టి, పాత కాగితం చూసి కొత్త దరఖాస్తు వ్రాయకుండా తెలిసినవారికి చూపించుకోవాలి.

కోర్టుకు ముందు చేయగలిగినది కూడా ఉన్నది. నిరాకరించిన కారణాన్ని రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే 2005 సమాచార హక్కు చట్టం క్రింద పది రూపాయల రుసుముతో అడగవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువనున్నవారికి ఆ రుసుమూ లేదు. ముప్పై రోజులలో జవాబు రావాలి. రాకపోతే అదే కార్యాలయపు పై అధికారికి మొదటి అప్పీలు. దరఖాస్తు ఇంగ్లీషులోగాని, హిందీలోగాని, ఆ ప్రాంతపు అధికార భాషలోగాని వ్రాయవచ్చు. కన్నడమో, తమిళమో, మరాఠీయో, ఒడియానో మనవారి పిల్లలు బడిలో నేర్చుకున్నదే గదా! తాత కోసం మనుమరాలు ఒక ఉత్తరం వ్రాస్తే ఆ చదువు సార్థకమే.

ఇంట్లో ఉంచుకోవలసినవి

గృహిణులకు ఒక మనవి. ఇంటి పత్రాల పెట్టె సాధారణంగా మీ చేతిలోనే ఉంటుంది. నియామక పత్రం, నెలనెలా జీతపు చీటీలు, బీమా సంఖ్య ఉన్న కార్డు, పని నుండి తీసివేసినట్లు వచ్చిన ఏ కాగితమైనా అందులో భద్రపరచండి. ఆరు నెలలకొకసారి చందా సరిగా పడుతున్నదో లేదో బీమా సంఖ్యతో కార్పొరేషనువారి వెబ్‌సైటులో పిల్లలచేత చూపించండి. లోపం అప్పుడే కనబడితే దిద్దుకోవచ్చు. పని పోయిన తరువాత కనబడితే అది వివాదమవుతుంది. ఆఫీసులో ఏ దరఖాస్తు ఇచ్చినా నకలు మీద తేదీతో రసీదు ముద్ర వేయించుకోండి. నోటిమాట గాలికి పోతుంది, ముద్ర నిలుస్తుంది. అర్థం కాని భాషలో ఉన్న కాగితం మీద ఎవరు చెప్పినా సంతకం పెట్టవద్దని మీ వారికి గట్టిగా చెప్పండి.

మన సంఘాలకు కూడా ఒక మనవి. ఉగాదికి, సంక్రాంతికి చక్కని సభలు జరుపుకుంటున్నాము, సంతోషమే. దానితోపాటు నెలకొక ఆదివారం, చదువుకున్న ఇద్దరు సభ్యులు సంఘ మందిరంలో రెండు గంటలు కూర్చుండి, పని పోయినవారి కాగితాలు చదివిపెట్టి, దరఖాస్తు వ్రాసిపెడితే ఎంతటి ఉపకారమవుతుంది! దీనికి విరాళాలు అక్కరలేదు. ఒక బల్ల, రెండు కుర్చీలు, కొంచెం ఓపిక చాలు.

పని పోవడం సిగ్గుపడవలసిన విషయం కాదు. భత్యం అడగడం యాచన అంతకంటె కాదు. ఏళ్ల తరబడి మన జీతంలోనుండి పోసిన చందా అందులో ఉన్నది. కాదన్నప్పుడు ఎందుకు కాదో అడగడం తగాదాకోరుతనమూ కాదు. బ్రిటనులో గడపలు దాటి న్యాయస్థానందాకా పోయిన కొద్దిమంది తమకోసమే కాక, వెనుక వచ్చే అసంఖ్యాకుల కోసం దారి తీసినారు. మనవారిలో ఒక్కరు ఓపికతో చివరిదాకా నిలబడినా, ఆ తరువాత వచ్చే పదిమందికి ఆఫీసులో సమాధానం మారుతుంది.